సిల్వర్ థయోసల్ఫేట్: తెల్లగా పుట్టి నల్లబడే లవణం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాక్టికల్స్ మొదలైన వారంలోనే ఎవరో ఒకరు పరీక్షనాళిక పట్టుకొచ్చి "సార్, నాకు తెల్లగానే ఉండిపోయింది, రికార్డులో మాత్రం నలుపు అని రాయమంటారా?" అని అడుగుతారు. జేఈఈకి చదివే పిల్లలు ఇంకో రకంగా అడుగుతారు. పాత ఫొటోలు దాచుకున్నవాళ్లు, పూలతో పనిచేసేవాళ్లు కూడా ఈ లవణం దగ్గరికే వస్తారు. అందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ, చివరికి ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లిపోవచ్చు.

## ముందుగా, పదార్థం గురించి

సిల్వర్ థయోసల్ఫేట్ అంటే అసలు ఏమిటి?

రెండు వెండి అయాన్లు, ఒక థయోసల్ఫేట్ అయాన్ కలిసిన లవణం. తెల్లటి ఘనపదార్థం, నీళ్లలో చాలా కొద్దిగా కరుగుతుంది. అణుభారం దాదాపు 327.9. ఆ బరువులో 66 శాతం దాకా వెండే ఉంటుంది. తయారైన క్షణం నుంచే విడిపోవడం మొదలుపెడుతుంది. తడి తగిలి ఉంటే నిమిషాల్లో పసుపు, నారింజ, గోధుమ రంగుల మీదుగా నలుపుకి చేరుతుంది.

ఇది సీసాలో దొరుకుతుందా? షాపులో ఎప్పుడూ చూడలేదే!

సిల్వర్ నైట్రేట్ లాగా అల్మరాలో పెట్టుకుని వాడే రసాయనం కాదిది. కావలసినప్పుడు సిల్వర్ నైట్రేట్, సోడియం థయోసల్ఫేట్ ద్రావణాలు కలిపి అప్పటికప్పుడు పుట్టిస్తారు. పూల రంగంలో "సిల్వర్ థయోసల్ఫేట్" అని చెప్పే ద్రావణం వేరు. అందులో ఉండేది ఈ తెల్ల ఘనం కాదు, ఎక్కువ థయోసల్ఫేట్‌లో కరిగి ఉన్న సంశ్లిష్ట అయాన్ (లోహ అయాన్‌కి వేరే అయాన్లో అణువులో అతుక్కుని ఒకటిగా ఏర్పడిన అయాన్). పేరు ఒకటే కావడం వల్ల చాలామంది ఇక్కడే తికమక పడతారు.

హైపో అన్నా ఇదేనా?

కాదు. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. ఐదు నీటి అణువులతో కూడిన పెద్ద పెద్ద పారదర్శక స్ఫటికాలుగా వస్తుంది, 48 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. నీళ్లలో బాగా కరుగుతుంది, మూతపెట్టి ఉంచితే ఏళ్ల తరబడి పాడవదు. థయోసల్ఫేట్ అయాన్ రెండింట్లోనూ ఒకటే. జోడీగా సోడియం ఉంటే నిలకడ, వెండి ఉంటే అలజడి.

## పరీక్షనాళికలో

రంగులు ఏ వరుసలో మారతాయి? ఎంతసేపు పడుతుంది?

పరీక్షనాళికలో ఒక మిల్లీలీటరు సిల్వర్ నైట్రేట్ ద్రావణం తీసుకుని, పలుచటి హైపో ద్రావణం ఒకటి రెండు చుక్కలు వేయండి. చుక్క పడిన చోట పెరుగు విరిగినట్టు తెల్లగా వస్తుంది. కన్ను తిప్పకండి. అంచులు ముందు లేత పసుపు పడతాయి, తర్వాత పండిన నారింజ తొక్క రంగు, ఆ వెంటనే బెల్లం రంగు, ఆఖరికి కాటుక. మామూలుగా ఒకట్రెండు నిమిషాల పని, నాళికను కొద్దిగా వేడిచేస్తే ఇంకా తొందరగా అయిపోతుంది. పసుపూ నారింజా వేరే కొత్త పదార్థాల రంగులని అనుకోనక్కర్లేదు. సిల్వర్ సల్ఫైడ్ మరీ సన్నటి రేణువులుగా ఉన్నప్పుడు పసుపు గోధుమగానే కనిపిస్తుంది, రేణువులు పెరిగి దట్టమయ్యేకొద్దీ నలుపు తేలుతుంది.

నాకు తెలుపు కూడా రాలేదు. ద్రావణం నీళ్లలా అలాగే ఉంది. నా సాల్ట్ తప్పా?

సాల్ట్ తప్పు కాదు, కలిపిన వరుస తప్పు. హైపో ద్రావణం నాళిక నిండా తీసుకుని అందులో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి ఉంటారు. అక్కడ థయోసల్ఫేట్ ఎక్కువ, వెండి తక్కువ. పుట్టిన తెలుపు పుట్టినట్టే కరిగి, రంగులేని సంశ్లిష్ట అయాన్‌గా మారిపోతుంది. వెండి ఎక్కువ ఉండేలా మళ్లీ చేయండి: సిల్వర్ నైట్రేట్ కింద, హైపో చుక్కలు పైనుంచి. ల్యాబ్‌లో ఈ పరీక్ష రాలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇదే. టెన్షన్ పడకండి, సాల్ట్ మార్చకండి, వరుస మార్చండి.

తెల్లగా వచ్చింది, పది నిమిషాలైనా అలాగే ఉంది. ఎందుకు?

మీకు వచ్చింది సిల్వర్ క్లోరైడ్ అయి ఉంటుంది. బోరు నీళ్లతోనో కుళాయి నీళ్లతోనో ద్రావణం చేస్తే, ఆ నీళ్లలోని క్లోరైడ్ ముందు వెండిని పట్టేసుకుంటుంది. ఆ తెలుపు వెలుతురులో మెల్లగా ఊదా రంగుకి తిరుగుతుంది తప్ప పసుపు, నారింజ వరుసలో నల్లబడదు. ముందుగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసిన నాళికనే కడగకుండా వాడినా ఇదే జరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లోనే ద్రావణాలు చేసి చూడండి.

వెండి లవణాలన్నీ వెలుతురుకు నల్లబడతాయిగా, ఇదీ అంతేనా?

అంతే కాదు, ఇక్కడ జరిగేది వేరు. సిల్వర్ క్లోరైడ్, బ్రోమైడ్ నల్లబడేది కాంతి శక్తికి లోహపు వెండి విడివడడం వల్ల. సిల్వర్ థయోసల్ఫేట్ నల్లబడేది నీటితో జరిగే చర్య వల్ల, అంటే జలవిశ్లేషణ వల్ల. నాళికకు నల్ల కాగితం చుట్టి అల్మరాలో పెట్టినా నల్లబడుతుంది. ఇద్దరు విద్యార్థులు పక్కపక్కన, ఒకరు కిటికీ దగ్గర, ఒకరు మూసిన సొరుగులో చేసి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఆఖరికి మిగిలే నలుపు ఏమిటి? పట్టీలు నల్లబడేదీ దీనివల్లేనా?

రెండూ సిల్వర్ సల్ఫైడే. వెండి పట్టీలు, కుందులు, కుంకుమ భరిణెలు గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి సల్ఫర్ వాయువుల వల్ల పైపైన నల్లబడతాయి. పరీక్షనాళికలో ఆ సల్ఫర్ థయోసల్ఫేట్ నుంచి వస్తుంది. సిల్వర్ సల్ఫైడ్ ద్రావణీయతా లబ్ధం 10⁻⁵⁰ ప్రాంతంలో ఉంటుంది, అంటే నీళ్లలో కరగనే కరగదని అనుకోవచ్చు. మామూలు ఉష్ణోగ్రతలో దాని స్ఫటికం మోనోక్లినిక్, దానికి అకాంథైట్ అని పేరు. 177 డిగ్రీల సెల్సియస్ దాటితే ఘనాకృతికి మారుతుంది, ఆ రూపం ఆర్జెంటైట్.

పక్కన సల్ఫ్యూరిక్ ఆమ్లం కూడా వస్తుందని పుస్తకంలో ఉంది. నిజంగా వస్తుందా, రాయడానికేనా?

నిజంగానే వస్తుంది, మీరే చూడవచ్చు. ఒక సిల్వర్ థయోసల్ఫేట్, ఒక నీటి అణువు కలిసి ఒక సిల్వర్ సల్ఫైడ్, ఒక సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇస్తాయి. నలుపంతా అడుగుకు దిగాక పైన ఉన్న తేట ద్రావణంలో నీలి లిట్మస్ ముంచితే ఎర్రబడుతుంది. సల్ఫేట్‌ని కూడా పట్టుకోవాలంటే వడపోసి బేరియం నైట్రేట్ వేయండి. బేరియం క్లోరైడ్ మాత్రం వేయకండి. ద్రావణంలో మిగిలిన వెండి క్లోరైడ్‌తో కలిసి తెల్లగా వచ్చేస్తుంది, అదే సల్ఫేట్ అనుకుని మోసపోతారు.

సల్ఫైడ్, సల్ఫైట్, థయోసల్ఫేట్ మూడింటినీ సిల్వర్ నైట్రేట్‌తో ఎలా విడదీయాలి?

సల్ఫైడ్ అయితే చుక్క పడగానే నలుపు, మధ్యలో ఏ రంగూ ఉండదు. సల్ఫైట్ అయితే తెల్లగా వచ్చి తెల్లగానే నిలుస్తుంది, మరిగిస్తే లోహపు వెండి వల్ల బూడిద రంగుకి దిగుతుంది. థయోసల్ఫేట్ అయితే తెలుపుతో మొదలై, వేడి చేయకుండానే రంగులన్నీ చూపించి నల్లబడుతుంది. ఇంకా అనుమానం ఉంటే ఇచ్చిన సాల్ట్ కొంచెం విడిగా తీసుకుని విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. థయోసల్ఫేట్ అయితే సల్ఫర్ డయాక్సైడ్ ఘాటుతో పాటు ద్రావణం లేత పసుపు సల్ఫర్‌తో మజ్జిగలా మసకబారుతుంది. సల్ఫైట్‌కి ఘాటు ఉంటుంది కానీ మసక రాదు.

## లోపలి నిర్మాణం

థయోసల్ఫేట్ అయాన్ ఆకారం ఎలా ఉంటుంది?

సల్ఫేట్ అయాన్‌ని ఊహించుకోండి. మధ్యలో సల్ఫర్, నాలుగు మూలల్లో నాలుగు ఆక్సిజన్లు, చతుర్ముఖీయ ఆకృతి. అందులో ఒక ఆక్సిజన్‌ని లేపి ఆ చోట ఇంకో సల్ఫర్‌ని కూర్చోబెడితే అదే థయోసల్ఫేట్. మధ్య సల్ఫర్ నుంచి ఆక్సిజన్‌కి దూరం సుమారు 147 పికోమీటర్లు, బయటి సల్ఫర్‌కి సుమారు 201. అయాన్ మీది రెండు రుణావేశాల్లో బయటి సల్ఫర్‌కీ మంచి వాటా ఉంటుంది.

వెండి ఆక్సిజన్ వైపు అతుక్కుంటుందా, సల్ఫర్ వైపా?

సల్ఫర్ వైపే. 1963లో పియర్సన్ చెప్పిన మృదు, కఠిన ఆమ్ల క్షారాల సూత్రం ఇక్కడ చక్కగా సరిపోతుంది. వెండి అయాన్ పెద్దది, ఆవేశం ఒకటే, ఎలక్ట్రాన్ మేఘం సులువుగా సాగుతుంది, కాబట్టి మృదువు. బయటి సల్ఫర్ కూడా అలాంటిదే. సోడియం అయాన్ కఠినం, దానికి సల్ఫర్ మీద ప్రత్యేకమైన మోజు లేదు. అందుకే హైపో సీసా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

అంత గట్టిగా అతుక్కుంటే స్థిరంగా ఉండాలి కదా, మరి అస్థిరం ఎందుకు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. పిల్లలు "బంధం బలహీనం, అందుకే విడిపోతుంది" అని రాస్తారు. ఇక్కడ సంగతి తలకిందులు. వెండి సల్ఫర్‌ని పట్టుకునే పట్టు ఎంత గట్టిదంటే, ఆ లాగుడికి రెండు సల్ఫర్ల మధ్య ఉన్న బంధమే తెగిపోతుంది. బయటి సల్ఫర్ మీద వెండి అయాన్లు కూర్చునేసరికి, ఆ సల్ఫర్ సల్ఫైడ్‌గా బయటికి రావడానికి సిద్ధమవుతుంది. అదే సమయానికి నీటి అణువులోని ఆక్సిజన్ మధ్య సల్ఫర్ మీదికి వచ్చి ఖాళీ అయిన చోట కూర్చుంటుంది. నాలుగో ఆక్సిజన్ దొరికింది కాబట్టి మిగిలిన ముక్క సల్ఫేట్ అయిపోతుంది. ఒకవైపు కరగని సిల్వర్ సల్ఫైడ్, ఇంకోవైపు ఎంతో స్థిరమైన సల్ఫేట్. అటు చివర ఇంత లాభం ఉన్నప్పుడు తెల్ల లవణం ఎంతసేపని ఆగుతుంది? సీసం కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే నిదానంగా. లెడ్ థయోసల్ఫేట్ తెలుపు నల్లబడాలంటే మరిగించాలి.

రెండు సల్ఫర్లూ ఒకేలాంటివి కావని ఎలా తెలిసింది?

గుర్తు పెట్టిన సల్ఫర్‌తో. సల్ఫైట్ ద్రావణంతో రేడియోధార్మిక సల్ఫర్-35ని కలిపి మరిగిస్తే గుర్తున్న థయోసల్ఫేట్ వస్తుంది. దాన్ని వెండి లవణంగా మార్చి విడిపోనిస్తే, రేడియోధార్మికత అంతా నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌లోనే తేలుతుంది, సల్ఫేట్‌లో ఉండదు. అంటే కొత్తగా చేరిన సల్ఫర్ బయటి చోటే ఉంది, మధ్య సల్ఫర్‌తో చోటు మార్చుకోలేదు, విడిపోయేటప్పుడు వెండితో వెళ్లింది కూడా అదే. సల్ఫర్-35 అర్ధాయుష్షు 87 రోజులు కాబట్టి లెక్కలు తీరిగ్గా తీసుకునే వీలుంది.

ఇది రెడాక్స్ (ఆక్సీకరణ, క్షయకరణ) చర్య అని రాయాలా, కాదని రాయాలా?

మీరు ఏ లెక్క తీసుకున్నారో ముందు రాయండి. బయటి సల్ఫర్ −2, మధ్య సల్ఫర్ +6 అనుకుంటే, చర్య తర్వాత సల్ఫైడ్‌లో −2, సల్ఫేట్‌లో +6. ఏదీ మారలేదు, కాబట్టి జలవిశ్లేషణ మాత్రమే. రెండిటికీ సగటున +2 అనుకుంటే ఒకటి దిగి ఒకటి ఎక్కింది, అంటే అననుపాతం. ఎక్స్-కిరణ శోషణ కొలతలు −1, +5 అనే విలువలకు దగ్గరగా ఉన్నాయి. ఆక్సీకరణ సంఖ్య మనం పెట్టుకున్న ఖాతా పద్ధతి. పద్ధతి చెప్పి జవాబు రాసిన విద్యార్థికి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను.

## హైపో ఎక్కువైనప్పుడు

అదే వెండి, అదే థయోసల్ఫేట్. హైపో ఎక్కువ పోస్తే మాత్రం నల్లబడదేం?

ఒక్కో వెండి అయాన్‌కి రెండేసి థయోసల్ఫేట్లు అతుక్కుని, మొత్తం మీద 3 రుణావేశాలున్న సంశ్లిష్ట అయాన్ ఏర్పడుతుంది. రెండూ సల్ఫర్ వైపు నుంచే అతుక్కుంటాయి. దాని స్థిరత్వ స్థిరాంకం, అంటే ఎంత గట్టిగా కలిసి ఉంటుందో చెప్పే సంఖ్య, 10 ఘాతం 13 దాటుతుంది. అమోనియాతో వెండి చేసే సంశ్లిష్టానికి ఆ విలువ 10 ఘాతం 7 దగ్గరే. ఒక లెక్క చూడండి: లీటరుకు 0.02 మోల్ వెండి, 0.08 మోల్ థయోసల్ఫేట్ ఉన్న ద్రావణంలో విడిగా తిరిగే వెండి అయాన్లు లీటరుకు 10⁻¹² మోల్ కన్నా తక్కువ. ఒకే సల్ఫర్ మీద రెండు వెండి అయాన్లు చేరి లాగే అవకాశం బాగా తగ్గిపోతుంది కాబట్టి సల్ఫర్ల బంధం నిలుస్తుంది. ఎప్పటికీ చెడదని మాత్రం కాదు. నెలల తరబడి ఉంచితే, లేదా ఆమ్లం తగిలితే, ఈ ద్రావణంలోనూ నల్ల మడ్డి దిగుతుంది.

సిల్వర్ బ్రోమైడ్ హైపోలో కరుగుతుంది, అయోడైడ్ ఎందుకు సరిగా కరగదు?

అటు స్ఫటికం పట్టు, ఇటు హైపో పట్టు, ఏది ఎక్కువో చూడాలి. ద్రావణీయతా లబ్ధాలు సుమారుగా క్లోరైడ్‌కి 1.8 × 10⁻¹⁰, బ్రోమైడ్‌కి 5 × 10⁻¹³, అయోడైడ్‌కి 8.5 × 10⁻¹⁷. వీటిని సంశ్లిష్టపు స్థిరాంకంతో గుణిస్తే క్లోరైడ్‌కి వేలల్లో, బ్రోమైడ్‌కి పది పదిహేను, అయోడైడ్‌కి వెయ్యిలో రెండు మూడు వంతులు వస్తుంది. క్లోరైడ్ గబుక్కున, బ్రోమైడ్ తగినంత హైపోతో, అయోడైడ్ గాఢమైన హైపోలో కాస్త.

ఈ సంశ్లిష్టం తియ్యగా ఉంటుందని విన్నాను, నిజమేనా?

పాత రసాయన గ్రంథాల్లో అలాగే ఉంది, చాలా తీపి అని. ఆ కాలంలో రుచి చూడడం కూడా పరీక్షలో భాగం. మీరు మాత్రం నాలుక మీద పెట్టకండి.

## ఫొటోల సంగతి

ఫొటోలకీ ఈ లవణానికీ సంబంధం ఏమిటి?

ఫిల్మ్‌లో, బ్రోమైడ్ పేపర్‌లో బొమ్మ కట్టని సిల్వర్ బ్రోమైడ్ మిగిలిపోతే వెలుతురుకి అంతా నల్లబడుతుంది. దాన్ని కరిగించి తీసేసేది హైపో. థయోసల్ఫేట్లు వెండి లవణాలను కరిగిస్తాయని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. 1839లో ఫొటోగ్రఫీ బయటికి రాగానే, బొమ్మను నిలబెట్టడానికి ఇదే వాడవచ్చని చూపించాడు. అంతకు ఇరవై ఏళ్ల ముందు ఉబుసుపోక చేసినట్టు కనిపించే పరిశీలన ఒక కళనే నిలబెట్టింది.

మా తాతగారి పెళ్లి ఫొటో పసుపు, గోధుమ రంగుకి తిరిగింది. కారణం ఇదేనా?

అయి ఉండవచ్చు, ముఖ్యంగా తెల్లగా ఉండాల్సిన చోట్ల, అంచుల దగ్గర, చేత్తో తుడిచినట్టు మచ్చలుంటే. వాడి వాడి సత్తువ పోయిన హైపోలో కడిగితే వెండి పూర్తిగా కరిగిపోదు. అరకొర థయోసల్ఫేట్‌తో ఉన్న వెండి లవణాలు కాగితం పీచుల్లో ఉండిపోతాయి. అవి ఏళ్ల మీద పరీక్షనాళికలో జరిగిన పనే నిదానంగా చేసి సిల్వర్ సల్ఫైడ్ పసుపు, గోధుమ మచ్చలు మిగులుస్తాయి. మా ఇంట్లో మా అమ్మ చీర అంచు దగ్గర అలాంటి మచ్చ ఉన్న ఫొటో ఒకటి ఉంది. బొమ్మ బాగానే ఉంది, కాగితం మాత్రం టీ ఒలికినట్టు. కడగడం సరిపోక హైపో మిగిలిపోయినా ఫొటో చెడుతుంది, అప్పుడు బొమ్మలోని వెండే సల్ఫైడ్ అవుతుంది. ఇంట్లో రసాయనాలతో శుభ్రం చేయబోకండి. ముందు మంచి స్కాన్ తీయించి, అసలు ఫొటోని తేమ లేని చోట దాచండి.

ఇప్పటికీ డార్క్‌రూమ్ పని చేస్తున్నాను. ఫిక్సర్ (బొమ్మను నిలబెట్టే హైపో ద్రావణం) సత్తువ అయిపోయిందని ఎలా తెలుసుకోవాలి?

కొత్త ఫిక్సర్‌లో ఫిల్మ్ ముక్క తేట పడడానికి పట్టే సమయం రాసిపెట్టుకోండి. అది రెట్టింపైతే మార్చేయండి. ప్రింట్లకి రెండు ట్రేలు పెట్టడం మంచిది. మొదటి ట్రే వెండి భారాన్నంతా మోస్తుంది, రెండోది తాజాగా ఉండి మిగిలిన దాన్ని కూడా కరిగిస్తుంది.

## పూల కోసం

పువ్వు వాడిపోకుండా వెండి ఏం చేస్తుంది? సిల్వర్ నైట్రేట్ చాలదా?

కార్నేషన్ లాంటి పూలు వాడేది ఎక్కువగా ఇథిలీన్ అనే వాయువు ఇచ్చే సంకేతం వల్ల. ఆ సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌లో రాగి అయాన్ ఉంటుంది. వెండి ఆ చోట కూర్చుంటే సంకేతం లోపలికి అందదు. వెండి ఇథిలీన్‌ని అడ్డుకుంటుందని 1976లో బేయర్ చూపించాడు. అయితే సిల్వర్ నైట్రేట్‌లోని ధనావేశపు వెండి కాడ మొదట్లోనే అతుక్కుపోతుంది, పైకి ఎక్కదు. థయోసల్ఫేట్ సంశ్లిష్టానిది రుణావేశం కాబట్టి గొట్టాల గోడలకు పట్టకుండా పువ్వు దాకా వెళుతుంది. 1978లో వీన్, వాన్ డి గెయిన్ కార్నేషన్ల మీద ఈ తేడా నిరూపించారు. ఆడపూలే పూసే కీరదోస రకాల్లో విత్తనం కోసం మగపూలు తెప్పించడానికీ ఈ ద్రావణం వాడతారు.

కలిపేటప్పుడు ఏది దేనిలో పోయాలి? నాది ప్రతిసారీ నల్లబడుతోంది.

సిల్వర్ నైట్రేట్‌ని హైపోలోకి పోయాలి, సన్నగా, కలుపుతూ. రెండూ 0.1 మోలార్ అయితే ఒక వంతు సిల్వర్ నైట్రేట్‌కి నాలుగు వంతుల హైపో. తిరగేసి పోస్తే మొదటి చుక్కల దగ్గర వెండి ఎక్కువై తెల్ల లవణం పుట్టి వెంటనే నల్లబడుతుంది. ఆ నలుపు తర్వాత ఎంత హైపో పోసినా కరగదు. డిస్టిల్డ్ వాటరే వాడండి. హైపో ద్రావణం అప్పటికప్పుడు చేసుకోండి, నిల్వ ఉన్నది సల్ఫర్ దింపి మసకబారుతుంది. కలిపాక ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు ఉంటుంది. గోధుమ రంగు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

## పని అయ్యాక

మిగిలింది సింకులో పోసేయవచ్చా?

వద్దు. వెండి అయాన్లు నీటిలోని చిన్న జీవులకు చాలా హాని చేస్తాయి. పూల వ్యాపారంలో చాలామంది వెండిని వదిలి, ఇథిలీన్‌ని అడ్డుకునే 1-మిథైల్‌సైక్లోప్రొపీన్ వైపు వెళ్లడానికి ఇదో పెద్ద కారణం. "వెండి వ్యర్థాలు" అని రాసిన సీసా ఒకటి పెట్టి అందులోనే పోయండి. నల్లటి సల్ఫైడ్‌లో 87 శాతం వెండే, పోగుచేస్తే తిరిగి తీసుకోవచ్చు. ఒక్కటి గట్టిగా చెబుతున్నాను: టోలెన్స్ పరీక్షలో (ఆల్డిహైడ్లను గుర్తించే వెండి పరీక్ష) మిగిలిన అమోనియా, వెండి ద్రావణాన్ని ఈ సీసాలో కలపకండి, రేపటికని దాచకండి. అది ఎండితే పేలే ప్రమాదం ఉంది. పరీక్ష అయిన వెంటనే ల్యాబ్ బాధ్యులకు అప్పగించండి.

వేళ్ల మీద నల్ల మచ్చలు పడ్డాయి. హైపోతో పోతాయా?

పోవు. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడి లోహపు వెండిగా మారిన మచ్చలవి, హైపో వాటిని కరిగించదు. చర్మం పై పొర రాలేదాకా కొన్ని రోజులు ఉంటాయి. గట్టిగా రుద్దకండి, ఈసారి గ్లౌజులు వేసుకోండి. కంట్లో పడితే మాత్రం వెంటనే పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.